మోటారు మార్చకండి చెల్లెమ్మా, ముందు ట్యాంకులో గాలి చూడండి

ప్రశ్న: అన్నయ్యగారూ, నమస్తే. మాది చెన్నై పశ్చిమ మాంబళంలో మా మామగారు కట్టించిన పాత ఇల్లు. పెరట్లో బావి ఉంది. రెండేళ్ళ క్రితం మేడ మీద గది వేశాం. అక్కడ షవర్‌లో మేడ మీది ట్యాంకు నీళ్ళు సన్నగా వస్తున్నాయని బావి దగ్గరున్న 1 హెచ్‌పీ మోటారుకి 24 లీటర్ల ప్రెషర్ ట్యాంకు పెట్టించాం. కుళాయి తిప్పితే మోటారు దానంతట అదే ఆన్ అవుతుంది, కట్టేస్తే కాసేపటికి ఆగుతుంది. రెండు నెలల నుంచి ఒకటే గోల. చెంబుడు నీళ్ళు పట్టేలోపు నాలుగైదు సార్లు టక్‌మని ఆన్ అయి టక్‌మని ఆగుతోంది. షవర్ ఒక క్షణం జోరుగా, ఒక క్షణం నీరసంగా. పైగా రాత్రి అందరం పడుకున్నాక కూడా గంటకోసారి మోటారు మోగుతోంది, మా అత్తగారికి నిద్ర లేదు. మెకానిక్ వచ్చి, మోటారు తిరగడానికి సాయపడే కెపాసిటర్ మార్చాడు. నాలుగు రోజులకి మళ్ళీ మామూలే. ఇప్పుడు మోటారే పోయింది, కొత్తది వేయించుకోమంటున్నాడు. మావారు దుబాయ్‌లో ఉంటారు, ఎవరిని అడగాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మా అబ్బాయి ఈ బావి గొడవ వదిలేసి మోటారుని మెట్రో వాటర్ (ఊరి కుళాయి నీళ్ళ) పైపుకి తగిలించేద్దాం అంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక చెల్లెలు, పశ్చిమ మాంబళం

సమాధానం: చెల్లెమ్మా, ముందు ఒక్క మాట. చెంబుడు నీళ్ళకి ఐదుసార్లు ఆన్ అయి ఐదుసార్లూ నీళ్ళు తోస్తున్న మోటారు పోయిన మోటారు కాదు. అది బాగానే పనిచేస్తోంది, దాన్ని పని చేయించే పద్ధతి చెడింది. కొత్త మోటారు తెచ్చి బిగించినా అది కూడా ఇలాగే కొట్టుకుంటుంది, కొన్నాళ్ళకి నిజంగానే కాలిపోతుంది. కాబట్టి డబ్బు ఇప్పుడే తీయకండి.

కానీ ఇవాళ్టి నుంచే ఒక పని చేయండి. మోటారు ఎంసీబీ (దానికి కరెంటు ఇచ్చే బోర్డు మీది స్విచ్) ఆఫ్ చేసి, పాత పద్ధతిలో మేడ మీది ట్యాంకు నీళ్ళు వాడుకోండి. ఆ ట్యాంకు నింపాల్సి వచ్చినప్పుడు మాత్రం దాని వాల్వ్ పూర్తిగా తెరిచి మోటారు వేయండి, నిండగానే ఆపేయండి. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుగా తిరిగేటప్పటి కంటే ఐదారు రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అదే పనిగా ఆన్, ఆఫ్ అవుతుంటే వైండింగ్ (లోపలి తీగ చుట్ట) వేడెక్కుతుంది, కెపాసిటర్ దెబ్బతింటుంది. మీ మెకానిక్ మార్చిన కెపాసిటర్ నిజంగానే పాడై ఉండవచ్చు, అతన్ని నేను తప్పు పట్టను. కానీ అది ఈ రోగం వల్ల పాడైంది, రోగానికి కారణం అది కాదు.

ఇప్పుడు ఆ ప్రెషర్ ట్యాంకు ఏం చేస్తుందో చెబుతాను. ఇది అర్థమైతే మిగతాదంతా మీకే తోస్తుంది.

మేడ మీది ట్యాంకు షవర్ కంటే మహా అయితే 3 మీటర్ల ఎత్తులో ఉంటుంది. నీటికి ప్రతి 10 మీటర్ల ఎత్తుకీ సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. 3 మీటర్లకి 0.3 బార్, అంటే సుమారు 4 పీఎస్‌ఐ (బార్, పీఎస్‌ఐ రెండూ ఒత్తిడి కొలతలే). షవర్ సన్నగా రావడానికి కారణం అదే. ఇలాంటి ప్రెషర్ పంపుల్ని మామూలుగా 20 పీఎస్‌ఐ దగ్గర మోటారు మొదలయ్యేలా, 40 దగ్గర ఆగేలా సెట్ చేస్తారు. అంటే మీ నీళ్ళ ట్యాంకుని 14 నుంచి 28 మీటర్ల ఎత్తుకి ఎక్కించినట్టు లెక్క.

మోటారు కింద అడ్డంగా పడుకోబెట్టినట్టుండే ఆ ఇనుప ట్యాంకు లోపల ఒక రబ్బరు తిత్తి ఉంటుంది. నీళ్ళు తిత్తిలోకి వెళ్తాయి. తిత్తికీ ఇనుప గోడకీ మధ్య గాలి ఉంటుంది. మోటారు నీళ్ళు తోస్తుంటే తిత్తి ఉబ్బి ఆ గాలిని నొక్కుతుంది. 40కి చేరగానే ప్రెషర్ స్విచ్ మోటారుని ఆపేస్తుంది. తర్వాత మీరు కుళాయి తిప్పితే, నొక్కుకుని ఉన్న గాలి తిత్తిని పిండి నీళ్ళు బయటికి పంపుతుంది. మోటారు అక్కర్లేదు. ప్రెషర్ 20కి పడిపోయాకే మోటారు లేస్తుంది. కొలిమి తిత్తి చూసే ఉంటారు, దాన్ని కమ్మరి నొక్కుతాడు. ఇక్కడ ఆ పని గాలి చేస్తుంది.

24 లీటర్ల ట్యాంకు అంటే 24 లీటర్ల నీళ్ళు ఇస్తుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. గాలి సరిగ్గా ఉంటే, 40 నుంచి 20కి దిగేలోపు అది ఇచ్చేది సుమారు 8 లీటర్లు. అంటే గాలి బాగున్న ఇంట్లో చెంబుడు నీళ్ళకి మోటారు అసలు లేవకూడదు, లేచినా ఒక్కసారే. గాలి తగ్గేకొద్దీ ఆ 8 లీటర్లు తగ్గుతూ వస్తాయి. చివరికి గాలి పూర్తిగా పోయి, తిత్తి ఇనుప గోడకి అతుక్కునేంత ఉబ్బిపోతే, ఇక గ్లాసుడు నీళ్ళు కూడా దాచుకోలేదు. నీళ్ళని నొక్కితే గాలిలా నొక్కుకోవు కదా. కుళాయి కాస్త తిప్పగానే ప్రెషర్ ఒక్కసారిగా 20కి పడిపోతుంది, మోటారు లేవగానే ఒక్క గెంతులో 40కి ఎక్కేస్తుంది. మీరు వింటున్న ఆ టక్ టక్ అదే.

పన్నెండేళ్ళ క్రితం నంగనల్లూరులో మా ఇంట్లో అచ్చం ఇదే జరిగింది. వచ్చినతను మోటారు విప్పి తీసుకెళ్ళి వైండింగ్ కట్టించి తెచ్చాడు. రెండు నెలలు తిరక్కుండా మళ్ళీ కాలింది. అప్పుడు నేనే దగ్గర కూర్చుని చూశాను. ట్యాంకు వెనక వైపు నడిమధ్యలో దుమ్ము పట్టిన నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటి ఉంది. తిప్పి తీస్తే లోపల సైకిల్ ట్యూబుకి ఉండేలాంటి వాల్వ్. బీరువా తాళంచెవి కొనతో మధ్యలోని పిన్ను నొక్కాను. గాలి రావాల్సిన చోట తుప్పు రంగు నీళ్ళు పిచికారీలా చొక్కా మీద పడ్డాయి. తిత్తి చిరిగి నీళ్ళు గాలి వైపుకి వచ్చేశాయన్నమాట. మోటారు రెండుసార్లు కాలడానికి అసలు కారణం మోటారులో లేదు. ఆ మూత తీసి చూడమని ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే మీకింత వివరంగా రాస్తున్నాను.

మీరూ అక్కడే మొదలుపెట్టండి. ఎంసీబీ ఆఫ్ చేయండి. కాళ్ళకి చెప్పులు వేసుకోండి, చేతులు పొడిగా ఉండాలి. మూత తీసి పిన్నుని ఒక్క క్షణం నొక్కండి, మొహం మాత్రం పక్కకి పెట్టండి. నీళ్ళు వస్తే తిత్తి చిరిగినట్టే. ఉస్సుమని గాలి వచ్చినా, ఏమీ రాకపోయినా తిత్తి బాగుండే అవకాశం ఎక్కువ, గాలి మాత్రమే తగ్గి ఉంటుంది. అది అయితే మీ అబ్బాయి, మీరు కలిసి అరగంటలో సరిచేసుకోవచ్చు.

గాలి నింపే ముందు రెండు అంకెలు కావాలి. ఎంసీబీ మళ్ళీ ఆన్ చేసి, అబ్బాయిని ట్యాంకు మీదున్న గేజ్ (ఒత్తిడి చూపే ముల్లు మీటరు) దగ్గర నిలబెట్టి, మీరు లోపల ఒక కుళాయి సన్నగా తిప్పండి. ముల్లు దిగుతూ దిగుతూ ఏ అంకె దగ్గర మోటారు మొదలైందో, కుళాయి కట్టేశాక ఎక్కుతూ ఏ అంకె దగ్గర ఆగిందో రాసుకోమనండి. మీ ట్యాంకులో ముల్లు గెంతుతూ ఉండవచ్చు, సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తే తర్వాత ఆపి చూసుకోవచ్చు. మోటారు మొదలైన అంకె కంటే 2 పీఎస్‌ఐ తక్కువ గాలి ఉండాలి. 20 దగ్గర మొదలైతే 18. గేజ్ మీద బార్లలోనే అంకెలు ఉంటే, 1 బార్‌కి 14.5 పీఎస్‌ఐ చొప్పున లెక్క వేసుకోండి.

ఇక ఎంసీబీ మళ్ళీ ఆఫ్. మేడ మీది ట్యాంకు నీళ్ళు ఈ లైన్‌లోకి కలిసే వాల్వ్ ఉంటే దాన్ని కట్టేయండి. ప్రెషర్ ట్యాంకుకి దగ్గరగా, కింద ఉన్న కుళాయి పూర్తిగా తెరవండి. నీళ్ళు కారడం ఆగి, గేజ్ ముల్లు సున్నా మీద కూర్చోవాలి. ఆ కుళాయిని తెరిచే ఉంచండి. ఇది చాలా ముఖ్యం. చాలామంది మెకానిక్‌లు కూడా ట్యాంకులో నీళ్ళు ఉండగానే టైర్ గేజ్ పెట్టి "30 ఉందండీ, గాలి బ్రహ్మాండంగా ఉంది" అంటారు. అప్పుడు ఆ గేజ్ చూపించేది అవతల నీళ్ళ ఒత్తిడినే. లోపల గాలి ఎంత నింపి ఉందో నీళ్ళు పూర్తిగా దిగిపోయాకే తెలుస్తుంది.

నీళ్ళు దిగాక టైర్ గేజ్ పెట్టి చూడండి. అంకె రాసుకుని, సైకిల్ పంపుతో నెమ్మదిగా కొట్టడం మొదలుపెట్టండి. కాసేపటికి మీరు తెరిచి ఉంచిన కుళాయి ఉన్నట్టుండి మళ్ళీ కారుతుంది. కంగారు పడకండి. తిత్తిలో మిగిలిపోయిన నీళ్ళని గాలి బయటికి తోస్తోంది. అది మంచి గుర్తు. నీళ్ళు ఆగేదాకా, గేజ్ 18 చూపేదాకా కొట్టండి. పంక్చర్ షాపు కంప్రెసర్ వద్దు, దాని జోరుకి ఒక్క క్షణంలో ఎక్కువైపోతుంది. కొట్టడం అయ్యాక వాల్వ్ మీద సబ్బు నురగ పెట్టి చూడండి. బుడగలు లేస్తుంటే గాలి పోయింది అక్కడి నుంచే. చాలా ట్యాంకులకి లోపలి పిన్ను టైరు ట్యూబు పిన్నే, పంక్చర్ షాపులో దొరుకుతుంది, బిగించే చిన్న పనిముట్టు కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది. మూత తప్పకుండా పెట్టండి, చెన్నై ఉప్పు గాలికి ఆ వాల్వ్ త్వరగా తుప్పు పడుతుంది.

కుళాయి కట్టేసి ఎంసీబీ వేయండి. ముల్లు ఇదివరకటిలా గెంతకుండా నిదానంగా 40కి ఎక్కుతుంది. ఇప్పుడు చెంబు కాదు, బకెట్ పెట్టి పట్టి చూడండి. సగం బకెట్ వచ్చేదాకా మోటారు లేవకపోతే రోగం కుదిరినట్టే. రబ్బరు గుండా గాలి కొద్దికొద్దిగా పోవడం సహజం కాబట్టి ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి గాలి చూసుకోవడం అలవాటు చేసుకోండి. రెండేళ్ళలో మీ ట్యాంకుకి ఒక్కసారి కూడా ఎవరూ గాలి చూసి ఉండరనే నా అనుమానం.

పిన్ను దగ్గర నీళ్ళే వచ్చాయనుకోండి. అప్పుడు కూడా మోటారు జోలికి పోనక్కర్లేదు. ఇలాంటి ట్యాంకుల్లో ఎక్కువ వాటికి నీళ్ళ వైపు గుండ్రటి ప్లేటు, చుట్టూ బోల్టులు ఉంటాయి. అవి విప్పితే పాత తిత్తి బయటికి వస్తుంది, కొత్తది మడిచి లోపలికి దూర్చి బిగించవచ్చు. ఇది ప్లంబర్ పని, మీరు చేయొద్దు. తిత్తి కొనేటప్పుడు ట్యాంకు మీది లేబుల్ ఫోటో తీసుకెళ్ళండి. ప్లేటు విప్పినప్పుడు లోపలి ఇనుము ఎలా ఉందో దగ్గరుండి చూడండి. గోడ పెచ్చులు పెచ్చులుగా తుప్పు రాలుతుంటే కొత్త తిత్తి వేసి లాభం లేదు, ట్యాంకే మార్చాలి. తుప్పు తిన్న ట్యాంకుకి గాలి కొట్టడం ప్రమాదం.

రాత్రి గంటకోసారి మోగే సంగతి దీనికి తోడు వచ్చిన రెండో రోగం. గాలి నింపితే గంటకోసారి మోగేది ఇంకా ఎక్కువ సేపటికోసారి మోగుతుందేమో కానీ పూర్తిగా పోదు. ఎవరూ వాడకుండా ప్రెషర్ పడిపోతోందంటే నీళ్ళు ఎక్కడికో పోతున్నాయి. ఇంట్లోకైనా పోవాలి, బావిలోకైనా పోవాలి. అది తేల్చడానికి సులువైన దారి ఉంది. రాత్రి పడుకునే ముందు ప్రెషర్ నిండాక ఎంసీబీ ఆఫ్ చేసి, ట్యాంకు నుంచి ఇంట్లోకి వెళ్ళే పైపు మీది బాల్ వాల్వ్ కట్టేయండి. గేజ్ ఫోటో తీసుకోండి. గంట తర్వాత మళ్ళీ చూడండి. ముల్లు కదలకపోతే లీకు ఇంట్లో ఉంది. ముల్లు దిగిపోతే లీకు బావి వైపు ఉంది.

ఇంట్లో అయితే నా అనుమానం మొదట కమోడ్ ఫ్లష్ ట్యాంకు మీదే. లోపలి వాషర్ అరిగిపోయి చప్పుడు లేకుండా సన్నగా కారుతూనే ఉంటుంది, గోడకి తడి కనిపించదు, నేల మీద చుక్క పడదు. పొద్దున మిగిలిపోయిన కాఫీ డికాక్షన్ అరగ్లాసు ఫ్లష్ ట్యాంకులో పోయండి, అరగంట ఎవరినీ ఫ్లష్ నొక్కొద్దనండి. కింద కమోడ్‌లో గోధుమ రంగు కనిపిస్తే దొంగ దొరికినట్టే. తర్వాత గీజర్ సేఫ్టీ వాల్వ్, పెరట్లో గిన్నెలు తోమే చోటున్న కుళాయి చూడండి.

బావి వైపు అయితే ముందు ట్యాంకు చుట్టూ ఉన్న జాయింట్లు వేలితో తడిమి చూడండి. అవన్నీ పొడిగా ఉంటే, మోటారుకీ ట్యాంకుకీ మధ్య ఉండే నాన్ రిటర్న్ వాల్వ్, బావిలో పైపు చివర ఉండే ఫుట్ వాల్వ్, నీళ్ళు వెనక్కి పోకుండా ఆపాల్సిన ఈ రెండూ వాటిని వెనక్కి వదులుతున్నాయి. మీ బావి నీళ్ళు తెల్లటి చార పట్టే ఉప్పు నీళ్ళయి ఉంటాయి. ఆ పొర, లేకపోతే చిన్న ఇసుక రేణువు, వాల్వ్ మూసుకునే చోట ఇరుక్కుంటే చాలు. విప్పి కడిగితే ఒక్కోసారి సరిపోతుంది, రబ్బరు గట్టిపడిపోతే మార్చడమే. కొద్ది రోజులు వాడకపోతే మోటారుకి నీళ్ళు పోస్తే తప్ప ఎత్తడం లేదంటే, ఫుట్ వాల్వ్ సంగతి ఇక సందేహం అక్కర్లేదు.

ప్రెషర్ స్విచ్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే మీరు దాన్ని తెరవకూడదు. లోపల కరెంటు ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మాత్రం పైమూత తీసి చీమలు చేరాయేమో, పాయింట్లు నల్లబడ్డాయేమో, కింద నీళ్ళు వచ్చే సన్నటి రంధ్రం తుప్పుతో మూసుకుందేమో చూడమనండి. లోపలి స్ప్రింగుల నట్లు మాత్రం ఊరికే తిప్పనివ్వకండి. గాలి లేని ట్యాంకుని స్విచ్ తిప్పి సరిచేయబోతే, రేపు మోటారు ఆగకుండా తిరిగే కొత్త బాధ వస్తుంది.

ఇక మీ అబ్బాయి మాట. మెట్రో వాటర్ పైపుకి నేరుగా మోటారు తగిలించడానికి అనుమతి లేదు, తగిలించకూడదు కూడా. వీధి పైపులో ఒత్తిడి తక్కువగా ఉన్నప్పుడు మోటారు లాగితే, పైపుకి ఎక్కడ చిల్లు ఉంటే అక్కడి నుంచి పక్కనున్న మురుగు కూడా లోపలికి వస్తుంది. అది మీ ఒక్క ఇంటికే కాదు, వీధి అంతటికీ. ఆ నీళ్ళలో మన కృష్ణమ్మ నీళ్ళు కూడా ఉన్నాయి, కండలేరు నుంచి కాలువ వెంట పూండి చెరువు దాకా వచ్చి చేరినవి. వాటిని సంపులోకి (నేలలోని నీళ్ళ తొట్టిలోకి) వాటంతట అవే రానివ్వాలి. సంపు నుంచి మోటారు పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

పైగా బావి వదిలేద్దామన్న మాట నాకు మనసుకి కష్టంగా ఉంది. 2019 వేసవిలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ అడుగంటి ఊరంతా లారీల కోసం బిందెలతో నిలబడింది. 2003లో తమిళనాడు ప్రభుత్వం ఇంటింటికీ వాన నీటి సేకరణ తప్పనిసరి చేసింది. మీ డాబా మీది వాన నీళ్ళ పైపు బావిలోకి పడుతోందో లేదో ఒకసారి చూడండి. ఐప్పసి, కార్తిక (అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు నడిమి దాకా వచ్చే తమిళ నెలలు) వానల్లో ఆ పైపు ఆకులు మూసుకోకుండా ఉంటే చాలు, వేసవికి మీ బావి మీకు చేసే మేలు అంతా ఇంతా కాదు. మే, జూన్‌లలో నీటి మట్టం బాగా పడిపోయి మోటారు ఎంతసేపు తిరిగినా ముల్లు 40కి ఎక్కకపోతే మాత్రం వెంటనే ఆపేయండి. నీళ్ళు లేకుండా తిరిగితే సీలు కాలిపోతుంది. అది నిజంగా మోటారుని చంపే పని.

మెకానిక్‌తో గొడవ పడకండి. అతను మళ్ళీ వస్తే, "బాబూ, ట్యాంకులో నీళ్ళు దించి గాలి ఎంతుందో నా ముందు చూపించు" అని ఒక్క మాట అడగండి. పని తెలిసినవాడైతే వెంటనే టైర్ గేజ్ కోసం వెతుక్కుంటాడు.

మోటారు మొదలైన అంకె, ఆగిన అంకె, నీళ్ళు దింపాక ట్యాంకులో కనిపించిన గాలి, రాత్రి గంటలో ముల్లు ఎంత దిగింది, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి నాకు పంపండి చెల్లెమ్మా. వాల్వ్ పిన్ను నొక్కినప్పుడు ఏం వచ్చిందో కూడా రాయండి. అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. ఈ రాత్రికి ఎంసీబీ ఆఫ్‌లోనే ఉంచి ఆవిడని హాయిగా పడుకోమనండి.